కల్లాలకు రెండు పిలుపులు

రేగడిపాడులో సైరన్‌కు తొలి పరీక్ష జరిగిన నాడు ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. మార్చి రెండో వారం, ఉదయం పదకొండు గంటలు. పంచాయతీ ఆఫీసు డాబా మీద నిలబెట్టిన ఇనుప స్తంభానికి బిగించిన ఆరు బూరలు ఒక్కసారిగా గొంతెత్తేసరికి సత్తెనపల్లి రోడ్డు దాకా కాకులన్నీ లేచిపోయాయి.

తుపాన్లకూ వరదలకూ పిడుగులకూ ముందుగా హెచ్చరించే సైరన్లను దేశమంతటా పెడుతున్న రోజులవి. ఆ మండలంలో పద్దెనిమిది ఊళ్ళ సైరన్లను పరీక్షించి, సవ్యంగా పనిచేస్తున్నాయని సంతకం పెట్టవలసిన ఇంజనీరు కలీం. ఇరవై ఏడేళ్ళవాడు. సింగరాయకొండ అవతల సముద్రపొడ్డున పుట్టి పెరిగాడు. కొలతకు అందనిది ఏదీ నిజం కాదని అతని నమ్మకం. అది చెడ్డ నమ్మకమేమీ కాదు. కాకపోతే దేన్ని కొలవాలో ముందు తెలిసి ఉండాలి.

సైరన్ వినగానే పనులాపి బడి భవనంలోకి రావాలని ముందు రోజే ఊరంతా మైకులో చెప్పించాడు. రిజిస్టరు పట్టుకుని బడి వరండాలో నిలబడ్డాడు. మూడు వందల యాభై మంది రావాలి. పావుగంటలో వచ్చినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో ఆరుగురు ఆ బడిలో చదివే పిల్లలే.

అంతలో ఒక స్కూటీ వచ్చి మెట్ల దగ్గర ఆగింది. దిగిన అమ్మాయి చున్నీ మీద, కనుబొమల మీద మిరప దుమ్ము ఎర్రగా పేరుకుని ఉంది.

"ఈ సైరన్ తాలూకు మనిషి మీరేనా?"

"అవునండీ. కలీం. టెస్టింగ్ ఇంజనీర్‌ని."

"నేను సిద్దికా. ఈ ఊరి అగ్రికల్చర్ అసిస్టెంట్‌ని. కంగ్రాట్స్ అండీ. మీ సైరన్ సూపర్‌గా పనిచేసింది."

కలీం ముఖం వికసించింది. "థాంక్సండీ! పొలిమేరలో చప్పుడు కొలిచే మీటరు పెట్టి వచ్చాను. ఇప్పుడే ఫోన్లో చూశా, అక్కడ కూడా డెబ్బై ఎనిమిది డెసిబెల్స్ వచ్చింది. కాకపోతే జనమే ఎక్కడున్నారో..."

"జనం కావాలా? బండెక్కండి. చూపిస్తా."

ఊరు దాటగానే కలీంకు జనం కనిపించారు. రోడ్డుకు రెండువైపులా మిరపకాయలు ఆరబోసిన కల్లాలు. ఎర్రని తివాచీల్లాంటి ఆ కల్లాల మీద నీలిరంగు టార్పాలిన్ పట్టలు పాకుతున్నాయి. ఆడా మగా, ముసలీ ముతకా పట్టలు లాగుతున్నారు, అంచుల మీద రాళ్ళు పెడుతున్నారు, తాళ్ళు బిగిస్తున్నారు. పైన నిప్పులు చెరిగే ఎండ.

"ఇంజనీరుగారా!" అరవై దాటిన ఒక బక్కపలచని రైతు తాడు ముడివేస్తూనే కేకేశాడు. "కూత బెమ్మాండంగా ఉందయ్యా. టైముకి కప్పేశాం."

"బుల్లయ్య బాబాయ్," అని పరిచయం చేసింది సిద్దికా.

"టెస్ట్ అని నిన్ననే చెప్పించాం కదండీ," అన్నాడు కలీం దిక్కుతోచక. "ఇంత ఎండలో ఎందుకు కప్పుతున్నారు?"

"టెస్టని మనకి తెలుసయ్యా. మబ్బుకి తెలుసా?"

చుట్టుపక్కల కల్లాల్లో నవ్వులు లేచాయి. సిద్దికా నవ్వలేదు.

"అర్థమైందా కలీం గారూ? పిడుగు పడబోతోందని చెప్పడానికి కదా మీ సైరన్. నీడన ఉన్నవాళ్ళని కూడా లేపి, చెట్టూ చేమా లేని బయల్లోకి తోలింది. మిరపకాయ తడిస్తే రంగు పోయి, ధర పలకని తాలవుతుంది. ఏడాది కష్టం. ఇక్కడ హెచ్చరిక అంటే ఒకటే అర్థం, కల్లానికి పరిగెత్తమని."

"మా ఊళ్ళో అలా కాదండీ. తుపాను సైరన్ వినగానే షెల్టర్‌కి వచ్చేస్తారు."

"మీరు సముద్రాన్ని కల్లంలో ఆరబోసుకోరు గదండీ."

ఆమె వదిలిపెట్టలేదు.

"పోనీ, ఎండుచేపలు ఆరబోస్తారా?"

"...ఆరబోస్తారు. మా మేనత్తది అదే పని."

"మరి ఆవిడ షెల్టర్‌కి ఎన్నో మనిషిగా వచ్చేవారు?"

ప్రతి తుపానుకూ మేనత్త ఆఖరి మనిషిగా, ఇసుక నిండిన తలతో, చేపల గంపతో సహా వచ్చిన సంగతి కలీంకు గుర్తుకొచ్చింది. సైరన్ల మీద నాలుగేళ్ళు పనిచేసినా ఆ గంపను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అతని ముఖం చూసి ఆమెకు అర్థమైపోయినట్టుంది. కొంచెం మెత్తబడి, "ఎక్కండి, దింపేస్తా," అంది.

మర్నాడు మీటరు తీసుకుపోవడానికి వచ్చిన కలీంను బుల్లయ్య టీకొట్టు దగ్గర ఆపాడు.

"ఏందయ్యా, నిన్న మా పిల్ల బాగా కడిగినట్టుంది?"

"నిజమే చెప్పారులెండి."

"చెప్పుద్ది. దాని తండ్రి రహమాను పోయినేడు పిడుక్కే పోయాడు. కల్లంలో, పట్ట చేతిలో ఉండగానే." బుల్లయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "అర్జునుడి పేర్లు తలుచుకోలేదన్నారు కొందరు. దిష్టన్నారు కొందరు. నాకు మాత్రం వాడు మంచోడు, అంతే."

పిడుగుకు ఎవరి పేర్లూ తెలియవు. చదునైన నేల మీద నిటారుగా నిలబడ్డది ఏదో, అంతవరకే దానికి సంబంధం. ఈ మాట కలీం ఎన్నో అవగాహన సదస్సుల్లో చెప్పాడు. ఆ పూట మాత్రం మీటరు తెచ్చుకోవడానికి లేచాడు.

సాయంత్రం ప్రాజెక్టు మేనేజరుకు ఫోన్ చేశాడు. రేగడిపాడుకు ఇప్పుడే సంతకం పెట్టలేనన్నాడు.

"వినపడిందా లేదా?" అన్నాడు మేనేజరు.

"వినపడింది సార్. అందుకే భయంగా ఉంది."

"కలీం, నీ ఫారంలో భయానికి కాలమ్ ఉందా? నెలాఖరుకి పద్దెనిమిదీ క్లోజ్ కావాలి. ఆపైన నీ ఇష్టం."

కలీం సంతకం పెట్టలేదు. రెండు రోజులు సైరన్ పెట్టె ముందు కూర్చుని, మూడో రోజు రైతు కేంద్రానికి వెళ్ళాడు. సిద్దికా అక్కడ విత్తనాల పోస్టరు అంటిస్తోంది.

"మేడమ్, ఒక ఐడియా. జిల్లా నుంచి మాకు మబ్బు సమాచారం ముప్పావుగంట ముందే వస్తుంది. మేం మాత్రం పిడుగులు దగ్గరికొచ్చాకే సైరన్ వేస్తాం. పెట్టెలో స్థానిక ప్రకటనలు రికార్డు చేసి పెట్టుకోవడానికి రెండు ఖాళీలున్నాయి. ముందు సైరన్ లేకుండా ఉత్త మనిషి గొంతుతో ఒక పిలుపు, పట్టలు కప్పుకోమని. ఆ తర్వాత సైరన్‌తో రెండో పిలుపు, వదిలేసి రమ్మని."

సిద్దికా చేతిలోని పోస్టరు ఒక మూల జారింది. "మధ్యలో ఎంత టైమ్?"

"ఇరవై అయిదు నిమిషాలు ఇవ్వగలను. ఎక్కువిస్తే మబ్బు దారి తప్పి, ఉత్త పిలుపు అవుతుందేమో. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరూ నమ్మరు."

"గొంతు ఎవరిది?"

"మీదే."

"ఎందుకని? తిట్టడం అలవాటున్న గొంతనా?"

"ఊరు వినే గొంతని. నేను కూడా వింటున్నాను కదా," అన్నాడు కలీం. అన్న తర్వాత చెవులు వేడెక్కాయి. సిద్దికా గబగబా పోస్టరు వైపు తిరిగింది.

రికార్డింగు రైతు కేంద్రంలోనే, ఫ్యాను ఆపి, తలుపులు మూసి చేశారు. మొదటి పిలుపు ఒక్కసారికే వచ్చింది. "రేగడిపాడు రైతులకు మనవి. మబ్బు వస్తోంది. పట్టలు కప్పుకోండి. ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది." పొలంలో మందు మోతాదు చెప్పినంత స్పష్టంగా ఉంది.

రెండోది రాలేదు.

"పట్టలు వదిలెయ్యండి..." అనేదాకా వస్తోంది, ఆగిపోతోంది. నాలుగుసార్లయింది, అయిదుసార్లయింది. కలీం యంత్రం ఆపి, మంచినీళ్ళ సీసా ఆమె ముందుకు జరిపాడు.

"ఆ రోజు మెసేజ్ నాకూ వచ్చిందండీ," అంది సిద్దికా రెండు గుక్కలు తాగి. "పిడుగులు పడవచ్చు, సురక్షిత ప్రదేశానికి వెళ్ళండని. నేను ఆఫీసులో ఉన్నా. నాన్న ఇంట్లో అన్నం తింటున్నాడు. ఫోన్ చేశా. ఏమన్నానో తెలుసా? 'నాన్నా, మెసేజ్ వచ్చింది, పట్టలు చూసుకో' అన్నా. పిడుగు అన్న మాట నా నోట్లోంచి రానే లేదు. అన్నం సగంలో వదిలేసి పోయాడు."

కలీంకు తోచిన ఓదార్పు మాటలన్నీ అబద్ధాల్లా అనిపించాయి.

"మీది తప్పు కాదు అనను," అన్నాడు. "అంటే మీరు నమ్మరు. ఈ ఊళ్ళో ఎవరి పిల్లలైనా అదే మాట అనేవాళ్ళు. అంతవరకు నిజం. నేను చూశాను."

ఆమె తల పైకెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో కృతజ్ఞత కంటే ఆశ్చర్యమే ఎక్కువ. కళ్ళు తుడుచుకుని, "ఆన్ చెయ్యండి," అంది.

"పట్టలు వదిలెయ్యండి. పైరు పోతే మళ్ళీ వస్తుంది. బడికి రండి."

నడిమి మాట ముందుగా రాసుకున్న కాగితంలో లేదు. కలీం దాన్ని తీసెయ్యలేదు.

నెలాఖరులోగా రెండు పిలుపులతో మళ్ళీ పరీక్ష పెట్టారు. బడికి రెండు వందల తొంభై మంది వచ్చారు. కలీం తన సంతకంతో పాటు ఈ పద్ధతినంతా రిపోర్టులో రాసి పంపాడు. ఆ తర్వాత కూడా వారానికి రెండుసార్లు ఏదో ఒక వైరు చూసిపోయే నెపంతో రేగడిపాడు వస్తూనే ఉన్నాడు.

"ఏం వైరయ్యా అది? రైతు కేంద్రం దాకా పోద్దా?" అని బుల్లయ్య ఒకసారి అడిగాడు.

"ఎర్తింగ్ అండీ."

"మా పిల్ల ముట్టుకుంటే షాక్ కొట్టుద్ది. చూసుకో."

ఏప్రిల్ మూడో వారంలో నిజం మబ్బు వచ్చింది.

మధ్యాహ్నం రెండు నలభైకి పంచాయతీ ఆఫీసులో ఉన్న కలీం మొదటి పిలుపు నొక్కాడు. ఆమె గొంతు కల్లాల మీదుగా మూడుసార్లు వెళ్ళింది. పడమట ఆకాశం పాత ఇనుము రంగుకు తిరిగింది. మూడు గంటల అయిదు నిమిషాలకు రెండోది నొక్కాడు. సైరన్ ఊళ పెట్టింది, దాని వెనకే "పట్టలు వదిలెయ్యండి" వినిపించింది. పక్కనే ఉన్న బడిలోకి పరిగెత్తేసరికి సిద్దికా గుమ్మంలో రిజిస్టరుతో నిలబడి ఉంది. ఆఖరివాళ్ళు లోపలికి వచ్చేస్తున్నారు.

"ఎంతమంది?"

"మూడు వందల పది. కొందరు పొరుగూళ్ళకు పోయారు. అమ్మ రాలేదు."

ఆమె తల్లి ఖుర్షిదాది అన్నిటికంటే దూరపు కల్లం. కలీం జేబులో బైకు తాళం వెతుకుతుంటే సిద్దికా అతని ముంజేయి పట్టుకుంది.

"వద్దు."

"మీ అమ్మగారండీ!"

"అవును, మా అమ్మే. అయినా వద్దు. మన మాట మనమే దాటితే రేపు ఎవరు వింటారు? మీరు కూడా పోతే ఇక్కడ నేనొక్కదాన్నే నిలబడాలా?"

మెరుపు మెరిసింది. కలీం అలవాటుగా లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదికి ఉరిమింది. మూడు కిలోమీటర్లు. మళ్ళీ మెరిసింది. ఈసారి ఆమె కూడా అతనితో పాటు పైకే లెక్కపెట్టింది. ఆరుకు ఉరిమింది. ముంజేతి మీద ఆమె గోళ్ళు దిగుతున్నాయి. స్తంభం మీది నుంచి ఆమె గొంతే వాళ్ళమ్మను బడికి రమ్మంటోంది.

రోడ్డు మలుపులో ఖాళీ గోనెసంచి తలమీద కప్పుకుని ఖుర్షిదా కనిపించింది. నడుస్తోంది.

"అమ్మా! పరిగెత్తు!"

"వస్తన్నాగా, ఎందుకే ఆ కేకలు," అంటూ ఖుర్షిదా వరండా ఎక్కింది. సిద్దికా ఆమెను కావలించుకుని, "నా పిలుపు వినే వచ్చావు కదూ?" అంది.

"నీ గొంతు ఇంట్లో రోజూ వినేదేగా. పనైపోయింది, వచ్చా. రెండెకరాల కాయ, ఇరవై నిమిషాల్లో కప్పేశా." అని, వెనక్కి చూసి, "బుల్లయ్యన్నే ఇంకా రాలా. ఈ ఏడు అయిదెకరాలు వేశాడుగా. రెండు మూలలు మిగిలినయ్, నువ్వు పో అన్నాడు," అంది.

తర్వాతి మెరుపుకు లెక్కపెట్టే వ్యవధి లేదు. వెలుగూ చప్పుడూ ఒక్కసారే వచ్చాయి.

ఉరుములు ఆగాక అరగంట ఎవరూ బయటికి పోకూడదని నియమం. ఆ అరగంటా మూడు వందల పైచిలుకు మంది ఆ బడి గదుల్లో గడప దాటకుండా కూర్చున్నారు. బుల్లయ్య భార్య గోడకు ఆనుకుని తడికళ్ళతో తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వెళ్ళి చూస్తే బుల్లయ్య మూడో మూల దగ్గర పడి ఉన్నాడు. తాడు సగం ముడివేసి ఉంది.

మర్నాడు మేనేజరు ఫోన్ చేశాడు. "మూడు వందల పదకొండు మంది సేఫ్. నీ పద్ధతి హిట్టయ్యా! రిపోర్టు పంపు. ఆ ఒక్కడి గురించి ఒక్క లైను చాలు, హెచ్చరికను పాటించనందువల్ల అని."

"వెళ్ళి చూసి రాస్తాను సార్."

"చూడ్డానికి ఏముంది? మన సైరన్ తప్పని రాశావంటే ఈ ప్రాజెక్టులో నీకిక పని ఉండదు. ఆలోచించుకో."

మూడో రోజు ఉదయం కలీం బుల్లయ్య కల్లానికి వెళ్ళేసరికి సిద్దికా అప్పటికే అక్కడ ఉంది. తడిసిన కాయలను ఆమె, ఖుర్షిదా, మరో నలుగురు ఆడవాళ్ళు బుల్లయ్య ఇంటివాళ్ళ తరఫున ఆరబోస్తున్నారు. పని అయ్యాక మిగతావాళ్ళు నీడకు వెళ్ళారు. కలీం ఫోను తీసి స్టాప్‌వాచ్ పెట్టాడు.

"ఏంటది?" అంది సిద్దికా.

"ఈ కల్లం కప్పడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ కొలవలేదు. నేనూ కొలవలేదు. సాయం పడతారా?"

ఇద్దరూ రెండు అంచులు పట్టుకున్నారు. పట్ట లాగడం, రాళ్ళు పెట్టడం, తాడు బిగించడం. కలీం అరచేతులు ఒరుసుకుపోయి మిరప ఘాటుకు మండిపోతున్నా ఆపలేదు. ఆఖరి మూల అయ్యేసరికి ముప్పై ఎనిమిది నిమిషాలు.

"ఇద్దరికి ముప్పై ఎనిమిది," అన్నాడు కలీం రొప్పుతూ. "ఆయన ఒక్కడే. నేనిచ్చింది ఇరవై అయిదు."

అక్కడే గట్టు మీద కూర్చుని ఫోనులోనే రాశాడు. రాసింది ఆమె చేతికిచ్చాడు. సిద్దికా పైకి చదివింది.

"మృతుడు రెండు హెచ్చరికలూ విన్నాడు. వాటిని నిర్లక్ష్యం చేయలేదు. అయిదెకరాల పంట ఉన్న కల్లానికి ఇచ్చిన సమయం చాలదు. వ్యవధిని నిర్ణయించినది నేను. తప్పు నాది. మొదటి పిలుపు నలభై అయిదు నిమిషాల ముందు ఇవ్వాలి. ఒంటరి రైతులకు తోడుగా మనుషులను ముందే కేటాయించాలి."

ఆమె ఫోను తిరిగి ఇవ్వలేదు. ఒకసారి అతని వైపు చూసి, 'పంపు' మీట తనే నొక్కింది.

"పంపేశారా?"

"మీరు మనసు మార్చుకుంటారేమోనని."

"మార్చుకోను."

"తెలుసు. అయినా భయం." ఆమె ఫోను అతని చేతికిచ్చింది. "నాన్న పోయినప్పుడు ఎవరూ ఇలా రాయలేదు. అజాగ్రత్త అని రాశారు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది."

కలీం ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మీ ఉద్యోగం?" అంది సిద్దికా.

"పోవచ్చు. రెండో పని దొరికేదాకా ఇంటికి వెళ్ళాలి."

"ఇల్లంటే సింగరాయకొండేనా?"

కలీం ఆమెను చూశాడు. కనురెప్పల మీద మిరప దుమ్ము. దాని వెనక నవ్వో ఏడుపో తేలని వెలుగు.

"ఇప్పటిదాకా అదే. సిద్దికా గారూ, నేను చెప్పేది సరైన చోటో కాదో తెలియదు. మీ దగ్గరికి రావడానికి ఏ వైరూ పాడుచెయ్యక్కర్లేని రోజు కావాలి నాకు."

"ఆ ఎర్తింగ్ బాగానే ఉందని మొదటి వారమే పంచాయతీ సెక్రటరీ చెప్పాడు," అంది సిద్దికా. "నేనే ఆయన్ని నోరు మూసుకోమన్నా."

కలీం నవ్వబోయాడు. ఎదురుగా ఖుర్షిదా నీళ్ళ సీసాతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. అతను గబుక్కున లేచాడు.

"ఏం బాబూ, మీ మండలంలో ఊళ్ళన్నిటికీ మా పిల్ల గొంతే పెడతావా?"

"లేదమ్మా. ఏ ఊరు ఎవరి గొంతు నమ్ముతుందో అక్కడ వాళ్ళదే."

"మరి దీని గొంతు నీకెందుకు?"

"నాకు వినడానికండీ."

ఖుర్షిదా కూతురి ముఖంలోకి చూసింది. సిద్దికా తల దించుకుంది గానీ కాదనలేదు. తల్లి సీసా మూత తీసి ముందు కలీంకే అందించింది.

"మీ పెద్దవాళ్ళకి కబురు పెట్టు," అంది. "ఇప్పుడే రావద్దను. బుల్లయ్యన్న పెద్దకర్మ అయ్యాక రమ్మను. అందాకా ఈ కల్లం చూడాల్సింది మనమే."